చప్పుడు లేని కెమెరా

మా మరిది బాపట్ల, రేపల్లె వైపు పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసేవాడు. చర్చిలో పిల్లిలా నడిచేవాడు కానీ, పాత కెమెరా మాత్రం టకటకలాడేది. దీవెన ప్రార్థనకు అందరూ తలలు వంచగానే దాన్ని దించేసి తనూ కళ్లు మూసుకునేవాడు. అందుకే ఆయన తీసిన ఏ ఆల్బమ్‌లోనూ ఆ ఘట్టం ఉండేది కాదు.

మా అమ్మాయి పెళ్లి కుదరగానే, "ఈసారి అది కూడా తీయాలి వదినా" అని నన్ను తెనాలిలో కెమెరాల షాపుకు తీసుకెళ్లాడు. షాపాయన లెన్సుల గురించి, వీడియో గురించి చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"బాగుందండి. ఒక్క నిమిషం ఫ్యాన్ ఆపుతారా?" అని నావైపు తిరిగాడు. "నువ్వు ప్రార్థన చేసుకో వదినా. చప్పుడు వినపడితే కళ్లు తెరువు."

"షాపులోనా?"

"దేవుడికి తెనాలి తెలియదా ఏంటి?"

మొదటి కెమెరాకు కళ్లు తెరిచాను. రెండోదానికీ తెరిచాను.

"మీ వదినగారివి పాము చెవులండి" అన్నాడు షాపాయన.

మరిది మూడోది చేతిలోకి తీసుకున్నాడు. పిల్లకు దొరికిన మంచి సంబంధానికి, ఇలాంటి మరిదిని ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకొని, ఆమెన్ అని కళ్లు తెరిచాను.

"ఇంకా మొదలుపెట్టలేదా?"

మరిది నవ్వుతూ కెమెరా వెనక తెర చూపించాడు. అందులో కళ్లు మూసుకొని నేను. ప్రార్థనలో నా ముఖం ఎలా ఉంటుందో అంతవరకూ చూసుకోలేదు. అంత సంతోషంగా ఉంటానని నాకే తెలియదు.

"ఇదే ఇచ్చేయండి" అన్నాడు మరిది.

షాపాయన మాత్రం ఫ్యాన్ వేయడం మరిచి, చేతులు కట్టుకొని అలాగే నిలబడి ఉన్నాడు.