ఓదెల అనే ఫోల్డర్

మంచిర్యాల చరిత్రను ఎవరైనా పద్ధతిగా రాయబూనితే, అంబదాస్ ఉదయపు చాయ్‌కి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. విత్తనాల కంపెనీలో సర్వర్లు చూసే ఆయన, గ్లాసు చేతికి రాగానే తెర మీద జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం అని స్టేషన్ల పేర్లు భక్తిగా చదివేవాడు. ఒకే పెద్ద సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా నడిచే వర్చువల్ మెషిన్లను ఫోల్డర్లుగా సర్ది, చదువుకునే రోజుల్లో తాను ఎక్కిన ప్యాసింజర్ రైలు స్టేషన్ల పేర్లు పెట్టుకున్నాడు.

ఈ ఫోల్డర్ల వివరాలన్నీ దాచిన పాత డేటాబేస్ సర్వర్‌కు ఈ ఏడాది పదవీ విరమణ వచ్చిపడింది.

"కొత్త సర్వర్ మీద ఖాళీ డేటాబేస్ పెట్టుండ్రి సార్. మిషన్లు మళ్ల జోడిస్తే అయిపాయె," అంది పై అధికారి మమతారాణి.

"మిషన్లు వస్తయి మేడం, ఫోల్డర్లు రావు. ఓదెల పోతది."

"పోతే పోనీయుండ్రి! మీరు సర్వర్లు చూస్తుండ్రా, టికెట్లు కొడుతుండ్రా?"

ఆ ప్యాసింజర్ రోజుల్లో ఓదెల స్టేషన్లో స్నేహితుడు ప్రణయ్ ఎక్కేవాడు. వాళ్లవ్వ కట్టిచ్చిన సర్వపిండి రొట్టెను సగం విరిచి అంబదాస్ చేతిలో పెట్టేవాడు. ఇప్పుడతను ఎక్కడున్నాడో తెలియదు.

అంబదాస్ పట్టు విడవలేదు. ఫోల్డర్లను తెర మీద చూపే మేనేజ్‌మెంట్ సర్వీసు ఆపి, పాత డేటాబేస్‌కు బ్యాకప్ తీసి, దాన్ని కొత్త సర్వర్‌లోకి ఎక్కించాడు. డేటాబేస్ కొత్త చిరునామా ఇచ్చి సర్వీసును మళ్లీ లేపి, పట్టాభిషేకానికి వచ్చినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద జమ్మికుంట వచ్చింది. పెద్దపల్లి వచ్చింది. ఓదెల కూడా వచ్చింది.

"గా ఓదెల మీద నొక్కుండ్రి సార్, గంత గొప్పది ఏమున్నదో నేను గూడ చూస్త," అంది మమతారాణి.

అంబదాస్ నొక్కాడు. ఆ ఫోల్డర్‌లో మొదటి నుంచీ ఒక్క మెషిన్ కూడా లేదు.