జోనెల్ కార్లు చూసి ఎంచిన బడి

మా డిట్రాయిట్ తూర్పు వైపున బిడ్డ పుడితే, చూడ్డానికి వచ్చినవాళ్ళు ముక్కు ఎవరిది, కళ్ళు ఎవరివి అని అడగడం మానేసి చాలా కాలమైంది. "ఏ స్కూలు అనుకుంటున్నారు?" అని అడుగుతారు. ఇంకా మెడ నిలవని పసిగుడ్డు, దానికి స్కూలు! మా చిన్నప్పుడు ఈ ప్రశ్నే లేదు. వీధి చివర లేత్రప్ బడి ఉండేది, కాళ్ళొచ్చిన ప్రతి పిల్లా అక్కడికే పోయేది. మంచి టీచరు దొరికితే అదృష్టం, చెడ్డది దొరికితే ఏడాది ఓర్చుకోవడం. ఇప్పుడు ఆ బడి కిటికీలకి చెక్కలు కొట్టేశారు, మెట్ల పగుళ్ళలో చెట్టు మొలిచింది. దాని బదులు మాకు ఎంచుకునే హక్కు ఇచ్చారట. ఎంచుకోవడానికి ఏముందో మాత్రం ఎవరూ చెప్పరు.

నా పేరు ఎర్నస్టీన్. మా ఇంట్లో పై వాటా నాది, కింది వాటా జోనెల్ బాటిల్‌ది. ఈ కథ ఆమెది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఉద్యోగం. కూతురు జూరీ పుట్టినప్పుడు ఆ పిల్ల తండ్రి లారీ తోలుతూ వారానికోసారి వచ్చేవాడు, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత రాలేదు. జోనెల్ అతని మీద ఏడవలేదు. ఏడవడానికి తీరికేదీ? బడి వెతుక్కునే పనిలో పడింది.

పచ్చి బాలింత, కుట్లు ఇంకా ఆరలేదు, పిల్లని గుండెకి కట్టుకుని చర్చి నేలమాళిగలో జరిగే బడుల మేళాకి పోయింది. ఒక్కో చార్టర్ బడికీ ఒక్కో బల్ల, బల్లకి బుడగలు. చార్టర్ బడుల్లో ఫీజుండదు, సర్కారు సొమ్ముతోనే నడుస్తాయి. నడిపేది మాత్రం ఎవరో కంపెనీవాళ్ళు. గిట్టుబాటయితే నడుపుతారు, కాకపోతే తాళం వేసి చక్కాపోతారు. ప్రతి బల్ల దగ్గరా ఒక సంచీ, ఒక నీళ్ళ సీసా, ఫ్రిజ్‌కి అతికించుకునే బొమ్మ ఇచ్చారు. సాయంత్రానికి జోనెల్ ఫ్రిజ్ తలుపు కనబడకుండా పోయింది.

"నీళ్ళ సీసాల కొట్టు పెట్టుకోవే, బాగుపడతావ్," అన్నాను.

"నవ్వండాంటీ, నవ్వండి. రేపు దీనికి ఎక్కడా సీటు దొరక్కపోతే మీరు చెప్తారా చదువు?"

"ఎందుకు చెప్పనూ? నాకు ఏబీసీడీలు వచ్చు."

"అదే నా భయం."

ఆ బొమ్మల్నీ, నవ్వు మొహాల కాగితాల్నీ ఆమె నమ్మలేదు. తనకంటూ ఒక పద్ధతి కనిపెట్టింది. ప్రతి ఏడూ ఆకులు రాలే రోజుల్లో పిల్లని తోపుడు బండిలో పెట్టుకుని ఒక్కో బడి దగ్గరికీ వెళ్ళి, టీచర్ల కార్లు నిలిపే చోట నిలబడేది. "గోడ మీద మంచి మాటలు ఎవడైనా రాయిస్తాడు. కార్లు అబద్ధమాడవాంటీ. పోయినేడు చూసిన కార్లే ఈ ఏడూ ఉన్నాయంటే టీచర్లు నిలిచారన్నట్టు. టీచర్లు నిలిస్తే బడి నిలిచినట్టే," అనేది. ఒక చోట కాపలావాడు కార్ల దొంగేమోనని అడ్డం తగిలాడట. "ఈ తోపుడు బండితోనా సార్, మీ కారు ఎత్తుకుపోయేది?" అని వాడి పరువు తీసి వచ్చింది. ఆ ధైర్యం చూస్తే నాకు ముచ్చటేసేది.

అలా నాలుగేళ్ళు చూసి చూసి ఒక బడిని ఎంచింది. స్కైలార్క్ అకాడమీ. ఒకప్పుడు అది కూరల దుకాణం. చదువుకునే గది గోడ పక్క నిలబడితే నాకిప్పటికీ ఉల్లిపాయల వాసన వేస్తుంది. ఆ పార్కింగ్‌లో ఏటా మారకుండా కనిపించే కార్లలో ఒక పాత ఆకుపచ్చ కారు ఉండేది, పక్క అద్దానికి టేపు చుట్టి. చిన్నపిల్లల క్లాసు చెప్పే మిస్ టాలివర్‌ది. "అంత పాత కారు తోలుతూ కూడా ఆవిడ ఇంకో చోటికి పోలేదంటే ఆ బడిలో ఏదో ఉంది," అని తేల్చింది జోనెల్.

సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. కాబట్టి లాటరీ తీశారు. తోడుగా నేనూ వెళ్ళాను. బింగో ఆడే పంజరం లాంటిది తిప్పి బంతులు తీస్తూ అంకెలు చదివారు. జూరీ అంకె వచ్చింది. జోనెల్ కుర్చీలోంచి ఎగిరి గంతేసి, మరుక్షణం కూలబడింది. పక్క కుర్చీలో ఉన్నావిడ అంకె రాలేదు. ఆవిడ నిద్రపోతున్న బిడ్డ చెవుల మీద చెయ్యి పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. చదువుకి కూడా జూదమేనా, ఛీ అనిపించింది నాకు. మాది గెలిచిన అంకె కాబట్టి పైకి అనలేదు.

జూరీ సంగతి చెప్పాలి. నాలుగేళ్ళు నిండినా ఆ పిల్ల నోట మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చెవులు బాగున్నాయి, బుర్ర బాగుంది, మనుషుల్ని చూస్తే నోరు మూతపడేది. జోనెల్ భయమంతా అదే. "దీన్ని వెనక బెంచీలో కూచోబెట్టి మర్చిపోయే బడి అయితే ఇది జీవితంలో నోరు విప్పదాంటీ," అనేది. మిస్ టాలివర్ మర్చిపోలేదు. తొలి ఏడంతా పక్కనే కూచోబెట్టుకుంది. మాట్లాడమని ఒక్కసారీ అడగలేదట, తనే మాట్లాడుతూ పోయేదట. మంచు కరిగే రోజుల్లో ఒక ఉదయం జూరీ మెట్లెక్కి నా వంటింట్లోకి వచ్చి, బల్ల మీదున్న ఓట్స్ డబ్బా చూసి, దాని మీద రాసిందంతా గడగడా చదివేసింది. ఎలా వండాలో కూడా చదివింది. నేను స్టవ్ కట్టేసి కూచుని ఏడ్చాను. కింది నుంచి జోనెల్ పరిగెత్తుకొచ్చి, "ఏమైంది, ఏమైంది?" అంటే జూరీ మళ్ళీ మొదటి నుంచి చదివి వినిపించింది.

ఆ రోజు నుంచి జోనెల్‌కి స్కైలార్క్ గుడితో సమానం. ఎక్కడ కడుపుతో ఉన్న పిల్ల కనిపించినా, బస్సులో కానీ లాండ్రీలో కానీ, పట్టుకుని చెప్పేది. కార్ల పద్ధతి కూడా నేర్పేది. పొద్దున గేటు దగ్గర జూరీ లోపలికి పోయి కనుమరుగయ్యేదాకా రెండు చేతులూ ఊపుతూ నిలబడేది. ఆ ఊపుడు చూసి వీధంతా నవ్వుకునేవాళ్ళం.

అక్టోబరులో లెక్క రోజు వస్తుంది. ఆ రోజు కుర్చీల్లో ఎన్ని తలలుంటే అన్ని తలలకే ఏడాది సొమ్ము. అందుకని ఆ పొద్దున్నే బడిలో పాన్‌కేకులు, సాసేజులు, రాత్రి బట్టలతోనే రావచ్చని అనుమతి, లాటరీ తీసి ఒకరికి సైకిలు. జోనెల్ ఆ రోజు తెల్లారక ముందే లేచి వీధి వీధీ తలుపులు కొట్టేది. "లేవండి, లేవండి! మీ వాడు లేకపోతే మా టీచరమ్మ పోతుంది!" ఒక ఏడు లెక్క రోజునే జూరీకి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతుంటే మందు వేసి, కోటు తొడిగి, చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

"నీకేమైనా మతి పోయిందా? పిల్ల వణుకుతోంది!" అని మెట్ల మీద అడ్డం నిలబడ్డాను.

"లెక్క అయిపోగానే తీసుకొచ్చేస్తానాంటీ. ఒక్క తల. ఆ ఒక్క తలతోనే క్లాసు పోతుందేమో. మిస్ టాలివర్ లేకపోతే దీని గతేంటి?"

జూరీ లెక్కలోకి వచ్చింది. పాన్‌కేకు మీద కక్కుకుని ఇంటికి వచ్చింది. ఆ రోజు జోనెల్‌తో నేను మాట్లాడలేదు.

ఆ ఏడు నవంబరు చివర థాంక్స్‌గివింగ్ సెలవులయ్యాక ఆకుపచ్చ కారు రాలేదు. జోనెల్ వారం చూసి ప్రిన్సిపాల్ మిస్టర్ విట్లోని అడిగింది. "వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదు, అలబామా వెళ్ళింది, వచ్చేస్తుంది," అన్నాడట. క్రిస్మస్ తర్వాత ఇంకో రెండు కార్లు కనబడలేదు. ఇంటికొచ్చి నాకు చెప్పి, "ఎవరితోనూ అనకండి," అంది. "అంటే జనం పిల్లల్ని తీసుకుపోతారు. తీసుకుపోతే ఫిబ్రవరిలో మళ్ళీ తీసే లెక్కలో తలలు తగ్గుతాయి. అప్పుడు నిజంగానే మూస్తారు. ఓపిక పడితే ఆవిడ వచ్చేస్తుందాంటీ."

"కార్లు అబద్ధమాడవన్నది ఎవరే?"

చెట్టుకి ఆకు రాలితే చలికాలమని తెలిసినదే, కానీ తన చెట్టుకి మాత్రం రాలదనుకుంది. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది.

లాండ్రీలో ఆమెతో పనిచేసే కియోనా అనే పిల్ల ఉంది. పెద్దవాడు మైకాకి నాలుగేళ్ళు, ఒళ్ళో నెలల పాప. మొగుడు జాలెన్, పిల్లలతో నగరానికి పడమటి వైపున తల్లి ఇంట్లో ఉండేది. పిల్లల్ని ఆవిడే చూసుకునేది. జోనెల్ చెప్పగా చెప్పగా స్కైలార్క్ మీద మనసు పడింది. జనవరిలో మైకాకి సీటు ఖాళీ ఉందని విట్లో కబురు పెట్టాడు. ఉండదూ మరి! కియోనా జోనెల్‌ని అడిగింది, నా ఎదుటే, మా మెట్ల మీద.

"అక్కా, రోజూ రెండు బస్సులు మారి రాలేం. బడి ఎదురుగా ఇల్లొకటి అద్దెకుంది. అమ్మ వద్దంటోంది, జాలెన్ నా ఇష్టమంటున్నాడు. ఏం చెయ్యమంటావు? నువ్వు చెప్తే వచ్చేస్తాను."

జోనెల్ ఒక్క క్షణం నా వంక చూసింది. "రా. మైకాకి మంచిది," అంది.

కియోనా వెళ్ళాక, "ఆ పిల్ల తల్లిని వదులుకుని వస్తోందే," అన్నాను. "నాకు తెలుసు," అని తలుపు వేసుకుంది. నేను పై వాటాదాన్ని, నాకెందుకనుకుని ఊరుకోలేదు. తలుపు కొట్టాను. తియ్యలేదు.

కియోనా వచ్చేసింది. ఫిబ్రవరి లెక్కలో మైకా తల కూడా కలిసింది. ఏప్రిల్లో ఒక బుధవారం బడి తలుపుకి కాగితం అతికించారు, శుక్రవారమే ఆఖరని. కంపెనీకి గిట్టుబాటు కాలేదట. శనివారం లారీ వచ్చి చిన్న చిన్న కుర్చీలన్నీ ఎత్తుకుపోయింది. జనం ఎవరి మీద అరవాలో తెలియక గేటు మీద అరిచారు. విట్లో ఫోను ఎత్తలేదు. మిస్ టాలివర్ అలబామాలోనే ఏదో బడిలో చేరిందని తర్వాత తెలిసింది. తల్లికి నిజంగానే బాగోలేదట, పాపం ఆవిడని అనడానికి ఏమీ లేదు.

జూరీకి ఊరి అవతల ఒక బడిలో సీటు దొరికింది. వెనక వరుసలో. మొదటి నెలలోనే ఆ టీచరు ఫోన్ చేసి, "మీ అమ్మాయికి మాటలు రావా?" అని అడిగింది. జోనెల్ ఫోన్ పెట్టేసి జూరీని నా దగ్గరికి తీసుకొచ్చింది. నా ఓట్స్ డబ్బా జూరీ ముందు పెట్టి చూశాను. కళ్ళతో చదివి డబ్బా అటు తిప్పి పెట్టింది. నోరు విప్పలేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక జోనెల్, "కియోనా ఇంటికి పోవాలి, తోడు రండి," అంది. నేనొక గిన్నెలో ఆకుకూర వండుకుని వెళ్ళాను. ఆ ఇంటి ముందు గది కిటికీలోంచి చూస్తే ఎదురుగా బడి, ఖాళీ పార్కింగ్. మైకా నేల మీద ఆడుకుంటున్నాడు. వాడికి ఇంకా ఏ బడీ దొరకలేదు. పడమటి ఇంట్లో వాళ్ళ గదిని తల్లి ఇంకెవరికో అద్దెకిచ్చేసింది.

జోనెల్ కూర్చోకుండానే చెప్పింది. "టాలివర్ కారు పోయిందని, ఇంకో రెండు పోయాయని నాకు ముందే తెలుసు కియోనా. నువ్వు అడిగిన రోజుకే తెలుసు. తెలిసే రమ్మన్నాను."

నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. కియోనా తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆ పిల్ల పాపని ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

"నాకూ తెలుసక్కా," అంది. "పొద్దున్నే దీనికి పాలిస్తూ ఈ కిటికీ దగ్గరే కూచుంటాను కదా. వచ్చిన కొత్తలోనే ఒక నల్ల కారు రావడం మానేసింది. తర్వాత ఎర్రది. కార్ల సంగతి నువ్వు నేర్పిందే. మైకాని తీసుకుని అమ్మ దగ్గరికి పోదామా అనుకునేదాన్ని. అప్పటికింకా అమ్మ ఇంట్లో మా గది ఖాళీగానే ఉంది."

"మరి పోలేదేం?" అని అడిగాను, ఉండబట్టలేక.

"అంతలో అక్క గేటు దగ్గరికి వచ్చేదాంటీ. జూరీకి రెండు చేతులూ ఊపేది, తర్వాత నావైపు తిరిగి నాకూ ఊపేది. అక్క అలా ఊపుతోందంటే ఏం ఫర్వాలేదులే అనుకునేదాన్ని."

ఆకుకూర చల్లారిపోయింది. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు జోనెల్ నాకు ముందు నడిచింది.

ఇప్పుడు జూరీ బస్సు మా గుమ్మం ముందే ఆగుతుంది. పిల్ల ఎక్కి కిటికీ పక్కన కూచుని అద్దానికి మొహం ఆనించి తల్లి కేసే చూస్తుంది, బస్సు మలుపు తిరిగేదాకా. జోనెల్ కదలకుండా నిలబడి ఉంటుంది. ఆమె రెండు చేతులూ కోటు జేబుల్లోనే ఉంటాయి.