ఇసుర్రాయి దగ్గర అమెరికా యుద్ధం

నేను ఐదో తరగతి దాకే చదివాను. ఉత్తరాలు తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఎక్కడైనా తప్పు పోతే సర్దుకుని చదవండి. మా ఆయన పదో తరగతి పరీక్షకు చదివిన సంగతి రాయాలని చాలా రోజులుగా ఉంది, అందుకే కూర్చున్నాను.

అప్పుడు మేము డోర్నకల్‌లో ఉండేవాళ్లం. నేను, ఆయన, మా అత్త. ఆయన రైల్వే గ్యాంగులో పని చేసేవాడు. పట్టాల కింద కంకర సర్దడం, పక్కకు జరిగిన పట్టాను గడ్డపారలతో మళ్లీ వరుసలోకి తోయడం వాళ్ల పని. పెళ్లయిన కొన్నాళ్లకే ఆయనకు నడుము పట్టేసింది. కూర్చోవాలంటే గోడ పట్టుకునేవాడు. లేవాలంటే నా భుజం పట్టుకునేవాడు. దవాఖానలో డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు. గ్యాంగులో బరువు ఎత్తకపోతే ఇంకేం పని ఉంటుంది? పది పాసైనవాళ్లకు స్టేషన్‌లో కూర్చుని చేసే పని దొరకొచ్చని తెలిసినవాళ్లు చెప్పారు.

ఆయన పదిలో ఉండగానే అరవై తొమ్మిది లొల్లి వచ్చింది. తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్డు మీదికి వచ్చారు, బడులు మూతపడ్డాయి. మళ్లీ తెరిచేసరికి ఇంట్లో గడవక ఆయన గడ్డపార పట్టుకున్నాడు. ఇన్నేళ్లకు ఇప్పుడు ప్రైవేటుగా రాయాలి.

లెక్కలు వచ్చేవి. తెలుగు బాగానే చదివేవాడు. సాంఘికశాస్త్రం మాత్రం తలకెక్కేది కాదు. అందులోనూ అమెరికా వాళ్లు ఇంగ్లండు రాజు మీద తిరగబడిన పాఠం. అది తప్పకుండా వస్తుందని చదువు చెప్పే సారు అన్నాడు. ఆయనేమో పని నుంచి వచ్చి పుస్తకం తెరవగానే తూగేవాడు. అందుకని నేనే కూడబలుక్కుంటూ చదివి వినిపించేదాన్ని. మా అత్త పక్కన కూర్చుని కూరగాయలు తరిగేది.

బోస్టన్ అనే ఊళ్లో జనం ఓడెక్కి తేయాకు పెట్టెలు సముద్రంలో పడేశారని చదివాను. అత్త కత్తిపీట ఆపింది.

“గంత ఛాయ్‌పత్తి నీళ్లల్ల పోసిండ్రా? పొయ్యేటప్పుడు ఇంటికింత తీస్కపోవద్దా?”

“పన్ను కట్టం అని పారబోసిండ్రు అత్తా. గా రాజు వీళ్లను అడగకుంటనే పన్నేసిండంట.”

“అడిగి ఎవ్వడేస్తడు పన్ను,” అంది అత్త. మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

ఇటు తిరిగి చూస్తే ఆయన నిద్రపోయాడు.

గ్యాంగులో పాట చెప్పేది ఆయనే. పట్టా తోసేటప్పుడు ఒకడు పాట చెప్తాడు, మిగతా అందరూ “ఐసా” అంటారు. ఆ ఐసా దగ్గరే అందరి బలమూ ఒక్కసారి పడాలి. ఆయనకు అట్లాంటి పాటలు ఎన్ని వచ్చో లెక్కలేదు.

“అవన్ని ఎట్ల యాదికుంటయి నీకు?” అని అడిగాను.

“చేతులు కదుల్తె నోరు దానంతటదే కదుల్తది.”

“అయితె గీ పాఠం గూడ గట్లనె చెప్పు.”

ఇద్దరం కూర్చుని పాట కట్టాం. నేను చదివి చెప్పేదాన్ని, ఆయన దాన్ని పాటలోకి విరిచేవాడు.

సముద్రమవతల రాజున్నడు, ఐసా
పన్ను మీద పన్నేసిండు, ఐసా
ఛాయ్ పెట్టెలు నీళ్లపాలు, ఐసా
రేవుకు తాళం పెట్టిచ్చిండు, ఐసా

గ్యాంగు వాళ్లకు తెగ నచ్చింది. ఒకరోజు సద్ది పట్టుకుని పోతే, వాళ్లలో వయసులో పెద్దాయన నన్ను ఆపాడు.

“చెల్లే, రేవు బందు పెడ్తె గా ఊరోళ్లు ఏం తిన్నరు? మీ ఆయన చెప్తలేడు.”

“పక్క రాష్ట్రాలోళ్లు తిండిగింజలు పంపిండ్రు అన్నా.”

“గదీ. గట్లుండాలె,” అని పెద్దాయన తువ్వాల దులుపుకున్నాడు, ఆ గింజలు తనకే వచ్చినట్లు.

అట్లా రోజుకింత పాఠం ముందుకు పోయింది. తుపాకులు పేలాయి. యుద్ధం మొదలైంది. ఆ తర్వాత కొండ మీది యుద్ధం వచ్చింది. అమెరికా వాళ్లు కొండ మీద కాచుకుని ఉంటారు, రాజు సైన్యం కింది నుంచి వరుసగా ఎక్కి వస్తుంటుంది. ఆరోజు పట్టాల దగ్గర ఆయన అంతవరకూ చెప్పి మరిచిపోయాడు. గడ్డపారలు పట్టా కింద ఉన్నాయి, పట్టా సగం లేచి ఉంది. మిగతా వాళ్లు ఐసా అనలేదు. ఏమైందో చెప్తాడని ఆయన మొహం వైపే చూస్తున్నారు. ఎవరి బలమూ పడక బరువంతా ఆయన వైపుకు వచ్చింది. గడ్డపార జారింది. ఆయన కంకర మీద కూలబడ్డాడు.

నలుగురు పట్టుకుని ఇంటికి తెచ్చారు. వెనకనే గ్యాంగు పెద్ద వచ్చాడు, మేటు అంటారు. కోపంగా వచ్చినవాడు మంచం మీద ఆయన్ని చూసి మెల్లగా మాట్లాడాడు.

“పాటల కత ఉండొద్దురా తమ్మీ. కతుంటె మనిషి ఇంటడు, ఎత్తడు. మనోళ్లు ఇన్నేండ్ల సంది ఉత్త మాటలు ఊకెనే పెట్టిండ్రనుకున్నవా?”

“తప్పయింది అన్నా.”

“తప్పు సంగతి కాదు. జర నడుము సూస్కో. పరీక్ష రాయి, గని పట్టాల మీద కాదు.”

మేటు పోయాక మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పరీక్ష రాయనన్నాడు. “నాతోని కాదు. ఇడిసిపెట్టు,” అన్నాడు. నడుము ఇట్లాగే ఉంటే గ్యాంగులో ఇంకో ఏడాది కూడా నిలబడలేడని ఇద్దరికీ తెలుసు.

మా అత్తకు గిర్నిలో మర పట్టించిన పిండి పడదు, వేడెక్కుతుందని. అందుకని జొన్నలు ఇంట్లోనే ఇసుర్రాయి మీద విసిరేదాన్ని. అట్లా ఒక పొద్దున విసురుతుంటే వెనక మంచంలోంచి మాట వినబడింది.

“కొండ మీదోళ్లకాడ తుపాకి మందు అయిపోయింది.”

నా చెయ్యి ఆగింది.

“ఆపకు,” అన్నాడు. “మందు అయిపోయింది, అందుకె దిగిపోయిండ్రు. కొండ రాజుదే అయింది గని ఆయన మనుషులు శానమంది సచ్చిండ్రు. తిప్పు, ఇంక యాదికొస్తది.”

తిప్పాను. వస్తూనే ఉంది. రాయి ఆగితే ఆయన కూడా ఆగిపోతున్నాడు.

మర్నాటి నుంచి గోడకు ఒక దిండు వేసి, దానికి ఆనుకుని, కాళ్లు చాపుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. పిడి మీద నా చెయ్యి, నా చెయ్యి మీద ఆయన చెయ్యి. తిప్పేది నేనే. మరిచిపోతే రాయి ఊరికే తిరుగుతుంది, గుర్తొచ్చేదాకా తిరుగుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. అమెరికా వాళ్లు మేము స్వతంత్రులమని కాగితం రాసుకోవడం, ఓడిపోతూ ఓడిపోతూ వెనక్కి పోవడం, మంచు గడ్డలు తేలే నదిని పడవల్లో దాటడం, అన్నీ ఆ రాయి మీదే అయ్యాయి.

మొగవాడు విసరడం మా వాడలో ఎవరూ చూడలేదు. నీళ్లకు పోతే పక్కింటామె అడగనే అడిగింది.

“ఏందే, మీ ఇంట్ల మొగోడు ఇసురుతుండంట. ఇగ గ్యాంగుకు నువ్వు పోతవా?”

“పోత అక్కా. నాకు ఐసా అననీకి నువ్వు రా,” అన్నాను. నవ్వుతూనే అన్నాను గాని ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

మొదట్లో అత్త మేము కూర్చోగానే తలుపు దగ్గరికి వేసేది. కొడుకు పరువు పోతుందని ఆమె బాధ. పాఠం చలికాలంలోకి వచ్చేసరికి ఆమె కూడా వచ్చి కూర్చుంది. సైనికులకు చెప్పుల్లేవు, మంచులో నడిస్తే కాళ్లు పగిలి రక్తం కారింది, తిండి లేదు. ఆమె జొన్నలు పిడికిట్లో పట్టుకుని ఆగిపోయింది.

“ఆళ్లు ఇంటికి పోయిండ్రా, ఉన్నరా?”

“కొందరు పోయిండ్రు అవ్వా. శానమంది ఉన్నరు,” అన్నాడు కొడుకు.

“ఆళ్ల పెద్ద?”

“ఆయన గూడ ఆళ్లతోనే ఉన్నడు.”

“గట్లయితె మంచిదే,” అని గింజలు పోసింది. తలుపు వేయడం ఆ రోజు మరిచిపోయింది. మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

పరీక్ష మానుకోటలో పడింది. నడుముకు తువ్వాల బిగించి కట్టి బండెక్కించాను, నేనూ పోయాను. సాంఘికం రోజు గేటు బయట నీడలో కూర్చున్నాను. అందరూ వచ్చేశాక చివరికి ఆయన గోడ పట్టుకుని వచ్చాడు.

“అచ్చిందా?”

“అచ్చింది. యుద్ధం తొలి ఏండ్లల్ల ఏమైందో రాయమన్నరు.”

“రాసినవా?”

“ఎడమ చెయ్యి బల్ల మీద గుండ్రంగ తిప్పుకుంట రాసిన. సారు రెండుమాట్ల వచ్చి చెయ్యిల ఏమన్న కాయితం ఉన్నదా అని సూసిండు.”

“ఏమన్నవు?”

“ఇసురుతున్న సార్ అన్న. జరసేపు నన్నే సూసి పోయిండు.”

రోడ్డు పక్కన ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆయనకు నడుము నొచ్చింది, నొస్తుంటే ఇంకా నవ్వాడు.

పాసయ్యాడు. ఎట్లాగో గట్టున పడ్డట్టుగా పాసయ్యాడు. స్టేషన్‌లో పని రావడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. ఆ నెలల్లో గ్యాంగు వాళ్లు ఆయనకు బండిని ఆపే ఎర్రజెండా ఇచ్చి పక్కన నిలబెట్టి, ఆయన వంతు కూడా వాళ్లే తోశారు.

కొత్త పనికి పోయిన మొదటి రోజు పొద్దుగూకక ముందే వచ్చాడు. చొక్కాకు మురికి లేదు. మా అత్త రోజూలాగే పెద్ద బోకెలో నీళ్లు కాచి పెట్టింది.

“ఒంటికి దుబ్బ లేదు అవ్వా, గిన్ని నీళ్లెందుకు?” అన్నాడు.

“దుబ్బకు కాదు, నడుముకు. వంగు,” అంది అత్త.

ఆయన వంగాడు. ఆమె పోసింది, నేను నడుము రుద్దాను.