మా ఇంటిల్లిపాది జబ్బుల నోటుబుక్కు

ఆ రోజుల్లో నంద్యాల మొత్తం మీద బుద్ధి తిన్నగా ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు, నాకు మాత్రం తెలుసు. సైకాలజీతో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. వ్యక్తిత్వ లోపాల పాఠం మేడమ్ సోమవారం మొదలుపెట్టారు, బుధవారానికల్లా మా ఇంట్లో రోగులందరూ దొరికిపోయారు. ఒక నోటుబుక్కు కొని మనిషికో పేజీ ఇచ్చాను. గేటుకు తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి తాళం లాగి చూసే నాయనది అంతా పద్ధతిగా ఉండాలని పీడించే జబ్బు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనీ, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనీ అనే మేనత్తది అనుమానపు వ్యక్తిత్వం. (పాలవాడు నీళ్లు కలిపే మాట నిజమే. కానీ నిజాలకు నా నోటుబుక్కులో చోటుండేది కాదు.) కొంగు మీద టీ చుక్క పడితే వీధంతా వినేట్టు ఏడ్చే అక్కది నలుగురి కళ్లూ తన మీదే ఉండాలనే నాటకపు వ్యక్తిత్వం. ఉప్పు సరిపోయిందో లేదో ఇంటిల్లిపాదినీ అడిగే అమ్మది ఒకరి మీద ఆనుకోందే నిలబడలేని వ్యక్తిత్వం. చివరి పేజీ పైన నా పేరు రాసుకుని, కింద రాయడానికి ఏమీ దొరక్క వదిలేశాను.

సరిగ్గా ఆ వారమే ఆళ్లగడ్డ నుంచి నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయి విగ్రహాలు చెక్కే శిల్పి. పెళ్లిచూపులకొచ్చి కూర్చున్న అరగంటలో నా కళ్లలోకి ఒక్కసారి కూడా చూడలేదు. ముక్కు చూశాడు, చెవులు చూశాడు, ఆ తర్వాత నేల చూశాడు. కాఫీ ఎట్లుందని మా మేనత్త అడిగితే "ఉండాది" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకే నాకు నవ్వొచ్చింది, అబ్బాయి నచ్చాడు. అసలు చిక్కంతా ఆ నచ్చడంలోనే ఉంది. నచ్చిన మనిషిని పరీక్ష చేయకుండా చేసుకుంటే చదివిన చదువు ఏమైపోవాలి?

"ఆదివారం లోపల ఏదో ఒగటి చెప్పల్ల" అన్నాడు నాయన.

"ముందు ఆయప్ప పనిచేసేది చూసొస్తా నాయనా" అన్నాను.

శనివారం అత్తను తోడు తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. మేము వెళ్లేసరికి ఆ అబ్బాయి ఒక బండరాయిని సుత్తితో కొట్టి, దాని మీద చెవి ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఏం చేస్తాండారు?" అన్నాను.

"ఏం చెప్తాదో వింటాండా."

రాయి చెప్తుందట! గబగబా నోటుబుక్కు తీశాను. పక్కనే ఒక అమ్మవారి విగ్రహానికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. ఎందుకని అడిగితే "ఇంగా కండ్లు తెరవల్యా. అవి ఆఖర్న తెరుస్తాం" అన్నాడు. ఉలి ఒకటి ముట్టుకోబోతే నా చేతికందకుండా జరిపాడు. నా లెక్కన ఒకే మనిషికి మూడు జబ్బులు: మనుషులు గిట్టరు, లేని మాటలు వినిపిస్తాయి, వస్తువు కదిలితే ఓర్చుకోడు. (అత్త మాత్రం తిరుగు బస్సులో "అనుమానపడేదానికి ఏమీ దొరకల్యా మ్మే" అని దిగులుపడింది. ఆమె నోట ఆ మాట అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.) ఆదివారం పొద్దున్నే వద్దని చెప్పేశాను. నాయన ఫోన్ చేసి వాళ్లకా మాట చెప్పాడు. ఎందుకో ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

సోమవారం మేడమ్ దగ్గర నా పరిశోధన అంతా గొప్పగా ఏకరువు పెట్టాను. ఆమె మొదట పడీపడీ నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. "అలవాటు వేరు, లోపం వేరమ్మా. లోపమైతే వయసొచ్చినప్పటి నుంచీ ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంట్లో, పనిలో, స్నేహాల్లో, ఎక్కడికెళ్లినా వదలదు. ఆ మనిషి బతుకునో, చుట్టూ ఉన్నవాళ్ల బతుకునో నలిపేస్తుంది. అట్లాంటివాళ్ల కష్టం దగ్గర నుంచి చూస్తే ఆ పేర్లు ఇట్లా శనగలు పంచినట్టు పంచవు. అది సరే, రాయిలో ఏం వింటున్నాడో అతన్ని అడిగావా?"

అడగలేదు. మేడమ్ మాటలు రాసుకుందామని సంచిలో చెయ్యి పెడితే నోటుబుక్కు లేదు. దాన్ని ఆళ్లగడ్డలోనే మరిచిపోయి వచ్చాను.

ఇంటికెళ్లేసరికి అది నాకంటే ముందే చేరింది. ఆ అబ్బాయి బస్సు కండక్టరుకిచ్చి పంపి, ఫోన్ చేసి చెప్తే, నాయన బస్టాండుకెళ్లి తెచ్చాడట. అందరూ నడవలో కూర్చుని వంతులవారీగా చదువుతున్నారు.

"నాది జబ్బయితే ఈ పొద్దు నుంచి గేటు తాళం నువ్వే ఏసుకో" అన్నాడు నాయన.

"దీని మింద నాకు ముందు నుంచీ అనుమానమే" అంది అత్త. అక్క వీధి వీధంతా వినేట్టు ఏడుస్తోంది. అమ్మ ఒక్కొక్కరినీ పట్టుకుని "నా గురించి రాసింది నిజమేనంటావా?" అని అడుగుతోంది.

నేను ఆ అబ్బాయి పేజీ తిప్పాను. నా రాత కింద పెన్సిలుతో రాసి ఉంది: "లోపల పగులుంటే రాయి గంట మాదిరి మోగదు, బద్దగా మోగుతాది. దానికే వినేది. అడిగింటే చెప్పేవాణ్ణి. అందరి ముక్కులూ చెవులూ బాగా చెక్కినారు. కండ్లే తెరవల్యా." నా పేజీలో మాత్రం ఏమీ రాయలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సిగ్గు తగ్గాక భయమేసింది. కాదని కబురు పంపించింది నేనే కదా.

"నాయనా, వాళ్లకు మళ్లీ ఫోన్ చెయ్."

"ఏమని చెప్పల్ల?"

"బుద్ధి తిన్నగా లేని పిల్ల ఒప్పుకునిందని చెప్పు."

నాయన నంబరు మూడుసార్లు సరిచూసుకుని గానీ నొక్కలేదు. ఆయన అలవాటు నాకు ముద్దొచ్చింది అదే మొదటిసారి.

ఇప్పుడు నా పని నలుగురి కష్టాలు వినడమే. ఏ మనిషికీ తొందరపడి పేరు పెట్టను. మొన్న బీరువా సర్దుతుంటే ఆ నోటుబుక్కు కనబడింది. దాన్ని రాసిన ఆనాటి డాక్టరమ్మను, అంటే నన్నే, తల్చుకుని ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను. ఎంత ధీమా, ఎంత తెలియనితనం! పెళ్లయిన కొత్తలో ఆ చివరి పేజీ మా ఆయన ముందు పెట్టి, నా జబ్బేందో రాయమన్నాను. పన్నెండేళ్లయినా ఖాళీగానే ఉంది. తీసుకెళ్లి చూపించి, "ఇంగా రాయలేదేంది?" అన్నాను.

ఆయన ఉలి పక్కన పెట్టాడు. ఈసారి ముక్కూ చెవులూ కాదు, నా కళ్లలోకే చూశాడు.

"ఇంగా చెక్కుతాండా" అన్నాడు.