వడియాల మీద పులి అడుగు

నేను అమెరికాలో సియాటిల్ పక్కనున్న బాతెల్ వచ్చిన మొదటి వేసవి. మావారు ఆఫీస్‌కి వెళితే సాయంత్రం దాకా ఇంట్లో పలకరించే దిక్కుండదు. మా వీధిలో కూగర్ అనే, చారలు లేని గోధుమరంగు పులి తిరుగుతోందని అందరూ వాట్సాప్ గ్రూప్‌లో తెగ రాస్తున్న రోజులవి.

ఆ రోజు ఎండ బాగుందని ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్ మీద దుప్పటి పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. కాసేపటికి గోధుమరంగు జంతువొకటి వాటిని తొక్కుకుంటూ పోయి కంచె దూకింది. కూగరే అనుకున్నాను. వెంటనే గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను.

క్షణాల్లో డెక్ నిండా జనం! అంతవరకూ చెయ్యూపి వెళ్లిపోయినవాళ్లే అందరూ. "ఒక్కదానివే ఉన్నావా అమ్మా? భయపడకు, మేం లేమూ?" అంటూ వీధి చివరి తెలుగు ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. సంబరంగా లోపలికెళ్లి అందరికీ టీ పెట్టాను.

ఈలోగా పక్కింటాయన పచ్చి వడియం మీది అడుగుజాడని వేళ్లతో కొలిచి పకపకా నవ్వాడట.

"పులీ లేదు, ఏమీ లేదు. ఎవరిదో పెంపుడు పిల్లేనమ్మా!" అని కేకేసి ఆంటీ కూడా వెళ్లిపోయారు.

నేను ట్రే పట్టుకుని వచ్చేసరికి డెక్ ఖాళీ.

మర్నాడు అక్కడే మళ్లీ వడియాలు పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాను. పిల్లి కూడా రాలేదు.