యోబు పొడుగు ప్రార్థన

గోదావరిఖని చర్చిలో యోబు ప్రార్థనకు లేచాడంటే రెండో షిఫ్టువాళ్ళు చెప్పుల వైపు చూసేవారు. బొగ్గుబావిలో తనతో పనిచేసిన ప్రతివాడినీ, వాడి మేకలతో సహా, పేరుపేరునా దేవుడికి అప్పగిస్తే తప్ప ముసలాయన ఆమెన్ అనడు.

రిటైరయ్యాక ఆయనకు చేతుల వణుకు పట్టుకుంది. దవాఖానలో మాత్రలిచ్చారు. వణుకు తగ్గింది. దాంతోపాటు, ఎమర్జెన్సీ రోజుల్లో కూడా జంకని ఆ నోరు ఎండిపోయి, ప్రార్థన నాలుగు ముక్కల్లో ముగిసింది.

"మందు మంచిగ పనిచేస్తున్నదమ్మా, ఆపకుండ్రి" అన్నాడు పాస్టరు, యోబు కోడలు సుసన్నాతో.

సైన్సు టీచరు సుసన్నాకు మాత్రం గుబులుగానే ఉంది. తాను బడికి పోతే చంటిదాన్ని చూసుకునేది మామే. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి ఆయన ఖాళీ కుర్చీని తిడుతున్నాడు.

"లాంపు యాడ పెట్టొచ్చినవ్‌రా, సామ్యేలూ?"

సామ్యేలు బావిలో కప్పు కూలి చనిపోయి చాలా ఏళ్ళయింది.

"మామా, పాప ఏది?"

"సామ్యేలుకిచ్చిన. ఎత్తుకుంటనన్నడు."

పాప ఆ కుర్చీ కింద, బొంత మీద వేలు చప్పరిస్తోంది. సుసన్నా పాపను ఎత్తుకుని, మామను దవాఖానకు తీసుకుపోయింది.

"ఈ వయసుల గీ మందు తలకెక్కుతది" అని డాక్టరు మోతాదు సగానికి తగ్గించాడు.

కొన్నాళ్ళకు వణుకూ తిరిగొచ్చింది, ప్రార్థనా సాగింది. చర్చిలో జనం సుసన్నాను గుర్రుగా చూశారు. ఆమె కళ్ళు మూసుకుని ఒక్కో పేరే వింటోంది.

"నీ దగ్గరికొచ్చిన సామ్యేలును గూడ చూసుకో, ప్రభువా" అన్నాడు యోబు.

సుసన్నా గట్టిగా ఆమెన్ అంది. ప్రార్థన ఇంకా సగం కూడా కాలేదు.