చచ్చినవాడి వాటా

దక్షిణపు దేశాల మీదికి దండెత్తిన మనవాళ్ళు బండ్ల నిండా బంగారం తెస్తామని వెళ్ళారు. తెచ్చింది మంచుకు మాడిన కాళ్ళు, ఖాళీ సంచులు, సగానికి సగం తగ్గిన మనుషులు. పాత ఊళ్ళదాకా నడిచే ఓపిక లేక, సావ నది వచ్చి దానూబులో కలిసేచోట ఒక గుట్ట కనిపిస్తే అక్కడే కూలబడ్డారు. ఇవాళ సింగిదున్ కోట గురించి ఎవరెన్ని గొప్పలైనా చెప్పుకోనివ్వండి, ఆ కోట కట్టింది గెలిచొచ్చినవాళ్ళు కాదు, అలిసిపోయినవాళ్ళు.

బనోన కూడా ఆ బండ్లలోనే వచ్చింది, అత్త అద్నామతో కలిసి. మొగుడు యాంతుమర్ మాత్రం రాలేదు. కనుమ దగ్గర మంచులో వెనకబడ్డాడని, వెతకబోతే కత్తి ఒక్కటే దొరికిందని చెప్పి తోటివాడొకడు దాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మరి మనిషి?" అంది బనోన.

"చూళ్ళేదమ్మా" అన్నాడు వాడు తల దించుకుని.

చూళ్ళేదన్నాడు గానీ చచ్చిపోయాడని అనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె చలికాలమంతా బతికింది.

మనలో మగవాడు పోతే అతని కత్తిని కొలిమిలో ఎర్రగా కాల్చి, వంచి, అతనితోపాటే పాతిపెడతారు. కత్తి వంగిందంటే మనిషి వెళ్ళిపోయినట్టు. అది తిన్నగా ఉన్నంతకాలం అతను ఎక్కడో ఒకచోట ఉన్నట్టే లెక్క. అందుకే బనోన ఆ కత్తిని గొంగట్లో చుట్టి తలకింద పెట్టుకుని పడుకునేది. తుప్పు పడుతుందేమోనని రోజూ పొద్దున్నే పందికొవ్వు రాసేది. ఎక్కడైనా చిన్న మచ్చ కనిపిస్తే ఇసకతో రుద్ది పోగొట్టేదాకా లేచేది కాదు.

ఆమె పని తడికలు అల్లడం. కోటలోపల లేస్తున్న ఇళ్ళ గోడలన్నిటికీ తడికలే ఆధారం, వాటిమీద మట్టి మెత్తుతారు. సన్నకొమ్మలు ఏటి ఒడ్డున దొరుకుతాయి కాబట్టి అక్కడే కూర్చుని అల్లేది. మిగతా ఆడవాళ్ళు కొమ్మలు పైకి మోసుకెళ్ళి నీడపట్టున కూర్చునేవాళ్ళు. ఈమె మాత్రం ఎండలో, బురదలో, అవతలి ఒడ్డుకి ఎదురుగా. చేతులు అల్లుతుంటే కళ్ళు నీటి అవతల ఉండేవి. అక్కడ పొగ లేస్తే ఆయనేమో అనుకునేది. పొగ పెద్దదైతే దోచుకోవడానికి దిగే కొండలవాళ్ళేమో అని హడలిపోయేది.

వసంతం వచ్చేసరికి కోటగోడగా పోస్తున్న మట్టికట్ట గుట్ట చుట్టూ తిరిగి దాదాపు కలిసిపోయింది. వాకిలికి తలుపు నిలబెట్టడమే మిగిలింది. అప్పుడు పెద్దలు ఒక మాట చెప్పారు. తలుపు నిలబెట్టే రోజుకి ప్రతి ఇంటి మగవాడూ అయితే కళ్ళెదురుగా నిలబడి ఉండాలి, లేదా మట్టిలో ఉండాలి; మనిషి దొరక్కపోతే వంచిన కత్తినైనా పాతాలి. ఎటూ కానివాడి ఇంటికి లోపల చోటు లేదు. అలాంటివాడు దారి తెలియక తిరిగి తిరిగి, ఆ తలుపు గుండా వచ్చి తోడుకి ఇంకొకర్ని తీసుకుపోతాడని భయం. ఆ దారిలో అంతమందిని పోగొట్టుకున్నవాళ్ళకి ఆ భయం ఉండదా మరి.

"ఎన్నాళ్ళే ఆ ఇనపముక్కని కావలించుకుని పడుకుంటావు?" అంది అద్నామ.

"వస్తాడత్తా."

"వస్తే నాకేం చేదా? నా కడుపున పుట్టినోడేగా. రాకపోతేనో? వాడక్కడ దాహంతో తిరుగుతుంటే గుక్కెడు నీళ్ళు పొయ్యటానికి చోటు లేదు. ఇక్కడ మనకి తల దాచుకోటానికి చోటు లేదు. తలుపు మూసేశాక కొండలోళ్ళు దిగితే మనిద్దరం ఏ పొదలో దూరతాం? చెప్పు."

బనోన లేచి కమ్మరి కొబ్నెర్తు దగ్గరికి పరిగెత్తింది. "మావా, ఆయన కత్తి అందరికన్నా ఆఖర్న పెట్టు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఆఖర్నే పెడతాలే" అన్నాడు ముసలాయన. "కొలిమి నాదేగానీ గడువు నాది కాదు తల్లీ."

చెప్పినట్టే ఆఖర్న పెట్టాడు. ఆ రోజు ఒక్కో ఇంటివాళ్ళూ కత్తి తెచ్చి ఇవ్వడం, అది ఎర్రబడటం, వంగడం చూస్తూ బనోన వరస చివర నిలబడింది. వరస తరుగుతున్నకొద్దీ ఆమె మాటిమాటికీ ఏటివైపు చూసింది. కొలిమి ముందు నుంచి చూస్తే ఏరు కనిపిస్తుంది. అవతల ఒడ్డున నరపురుగు కూడా లేదు.

"ఎవరిదీ కత్తి?" అనడిగాడు కొబ్నెర్తు, ఆచారం ప్రకారం.

"నా పెనిమిటిది."

"ఆయనేడీ?"

'మనకన్నా ముందు వెళ్ళాడు' అనాలి. అదీ ఆచారమే.  వెనకనుంచి అత్త వీపు మీద చెయ్యి వేసింది.  బనోన ఇంకోసారి ఏటివైపు చూసి, "ముందెళ్ళాడు" అంది. పటకారు పట్టుకోవలసింది ఇల్లాలే గనక ఆమే పట్టుకుంది. ఇనుము అంత సులువుగా వంగుతుందని అప్పటిదాకా ఆమెకు తెలియదు.

కోట బయట వాలులో గొయ్యి తీసి, కత్తిని, ఒక కూజాని, కాస్త పందిమాంసాన్ని పెట్టి దిబ్బగా మట్టి పోశారు. బనోనకి, అద్నామకి లోపల గుడిసె దొరికింది. అద్నామ సాయంత్రాలు దిబ్బ దగ్గరికి కొడుకు వాటా తిండి తీసుకెళ్ళి పెట్టి, కాసేపు మాట్లాడి వచ్చేది. బనోన మాత్రం అటు వెళ్ళేది కాదు. తొందరపడ్డానేమో అన్న ఆలోచన ఆమెను పురుగులా తొలిచేస్తోంది.

బార్లీ కోతలప్పుడు యాంతుమర్ వచ్చాడు.

కర్ర ఊతంతో, ఒక కాలికి వేళ్ళు లేకుండా, గడ్డం బొడ్డుదాకా పెరిగి వచ్చాడు. మంచులోంచి ఎవరో గొర్రెలకాపర్లు ఎత్తుకెళ్ళి బతికించారట. వాకిలి దగ్గర కాపలా ఉన్నది విందో, చిన్నప్పుడు కలిసి తిరిగినవాడు. చూడగానే వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తలుపు తియ్యరా విందో. నేనే, యాంతుమర్ని."

"నువ్వు కాదు. నిన్ను పాతేశాం. నేనే మట్టి పోశాను."

"అయితే సరిగ్గా పొయ్యలేదు. తియ్యి, ఆకలేస్తోంది."

విందో తియ్యలేదు. జనం మట్టికట్ట ఎక్కి చూశారు. ఆడవాళ్ళు పిల్లల కళ్ళు మూశారు. చివరికి కొబ్నెర్తు వచ్చి పైనుంచే మాట్లాడాడు.

"నీ కత్తి వంగిపోయిందిరా అబ్బాయ్. ఇనుమేగా, మళ్ళీ తిన్నగా చేస్తాను. కానీ ఒక గొయ్యి తవ్వితే పక్క గోతుల్లోవాళ్ళు ఊరుకుంటారా? అందరూ లేచొస్తే నేనెవరికని జవాబు చెప్పను?"

యాంతుమర్ కర్ర ఊతంగా రెండడుగులు దగ్గరికొచ్చాడు. తర్వాత, "కత్తి ఎవరిచ్చారు?" అని అడిగాడు.

బనోన కట్ట మీద జనం మధ్యలో ఉంది. దాక్కుంటే ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. అయినా ముందుకొచ్చి, "నేనే" అంది.

అతను తలెత్తి ఆమెను చూశాడు. "నువ్విచ్చావంటే గత్యంతరం లేకే ఇచ్చుంటావులే" అన్నాడు. అని మెల్లగా వాలు దిగి, తన దిబ్బ మీద తనే కూర్చున్నాడు. తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది.

ఆ సాయంత్రం అద్నామ ఎప్పటిలాగే వాటా పట్టుకుని బయల్దేరింది. చచ్చినవాడికి తిండి పెట్టకూడదని ఏ ఆచారంలోనూ లేదు కాబట్టి విందో దారిచ్చాడు. ఆమె వెనకే బనోన, నడుముకి చిన్న గొడ్డలి, నెత్తిమీద తడికల కట్ట.

"వదినా, చెప్పేది విను" అన్నాడు విందో. "లోపల చోటు ఒదులుకుని పోయావంటే మళ్ళీ ఇవ్వరు. నిన్ను కూడా చచ్చినవాళ్ళలోనే కలిపేస్తారు."

"కలిపేసుకోండి" అంది బనోన.

ఏటి ఒడ్డున, తాను ఎదురుచూసిన ఆ బురదలోనే, తడికలు నిలబెట్టి ఇద్దరికీ గుడిసె వేసింది. దొంగలకి భయపడలేదు, కొండలవాళ్ళకీ భయపడలేదు. ఆమె భయం వేరు. పటకారు పట్టుకున్నది తనే, ముందెళ్ళాడని చెప్పింది తనే. చచ్చి అటువైపు పోయినవాళ్ళు ఆ మాట లెక్కలో వేసుకుని, మా మనిషిని మాకు పంపమని వస్తే? అతనికి చిన్న దగ్గొచ్చినా ఆమె ప్రాణం పోయేది. తెల్లవారుజామున మెలకువ రాగానే చెయ్యి చాచి, పక్కన ఒళ్ళు వెచ్చగా ఉందని తెలిశాకే కళ్ళు తెరిచేది.

అద్నామ మాత్రం కోటలోనే ఉండి, కావలివాళ్ళకి వినపడేలా పోయిన కొడుకుని తలుచుకుంటూ రోజూ వాటా తెచ్చేది. ఆ వాటా రానురాను ఇద్దరికి, ఆపైన పుట్టిన పిల్లలకి కూడా సరిపోయేంత అయింది.

"చచ్చినోడికి ఇంత ఆకలేంటి పెద్దమ్మా?" అన్నాడు విందో ఒకరోజు.

"బతికున్నప్పుడూ ఇంతే తినేవాడు. నీకు తెలీదా?" అంది ఆమె.

తర్వాత తర్వాత చేపలవాళ్ళు, పడవలవాళ్ళు, దండునుంచి ఆలస్యంగా తిరిగొచ్చి తలుపు తియ్యించుకోలేని మరికొందరు బనోన గుడిసె పక్కనే గుడిసెలు వేసుకున్నారు. సంత కూడా కిందే పెరిగింది. పైవాళ్ళు ఉప్పుకీ చేపలకీ ఆ చచ్చినవాళ్ళ వాడకే దిగి రావలసి వచ్చింది. విందో మొదట్లో యాంతుమర్‌తో పలకకుండా దిబ్బకి చెబుతున్నట్టు చెప్పేవాడు. కొన్నాళ్ళకి ఆ నాటకం మర్చిపోయాడు.

యాంతుమర్ జుట్టంతా నెరిసిన తర్వాత, ఒక చలికాలం చివర, దగ్గుతో పోయాడు. విందో కర్ర పట్టుకుని వచ్చి, తన కొడుకుల చేత ఆ పాత దిబ్బే తవ్వించాడు. అడుగున కత్తి వంగినట్టే ఉంది, తుప్పుతో. దాని పక్కన అతన్ని పడుకోబెట్టారు. ఎవరూ లేచి రాలేదు.

"కత్తి వంచే పని తప్పింది వదినా" అన్నాడు విందో, ఇంకేమనాలో తెలియక.

"తప్పింది" అంది బనోన. ఆమె ఏడవలేదు. ఇక ఆయన కోసం ఎవరూ రారు, ఎవరూ అడగరు. ఇన్నేళ్ళ భయం దిగిపోయి ఒళ్ళు తేలికైంది. పొద్దుగూకకముందే నిద్రపోయింది.

తెల్లవారుజామున అలవాటు కొద్దీ చెయ్యి పక్కకి వెళ్ళింది. గొంగళి చల్లగా తగిలింది. అప్పుడు ఏడ్చింది.